వాటాకొచ్చిన ఇనుము

ట్రాక్టరును ముందుకి ఎవరైనా నడుపుతారు. వెనక్కి నడిపి, నేల మీద పడి ఉన్న నాగలి దగ్గర బెత్తెడు అటూ ఇటూ కాకుండా ఆపడం కొందరికే వస్తుంది. మా ఊళ్ళో అది తిరుమలరావుకి వచ్చు. ఒకసారి మెడ తిప్పి చూసేవాడు. బండి వెనక్కి వచ్చి ఆగేది. దిగి, బండి వెనక కింద ఉండే రెండు లింకుల్నీ నాగలి పిన్నులకి తొడిగి, పైన మూడో లింకు బిగించి, చేతులు లుంగీకి తుడుచుకునేవాడు. మిగతా డ్రైవర్లు గునపంతో నాగలిని జరుపుకుంటూ, సుత్తితో బాదుకుంటూ, ఒకరినొకరు తిట్టుకుంటూ చేసే పని అది.

నేను వాళ్ళ పక్కింటివాణ్ణి. అతని గురించి ఇప్పుడు ఎవరైనా అడిగితే "ఆ కాలు పోనాయనా?" అంటారు. ఇప్పటి పిల్లలకి ఆ ఆనవాలే తెలుసు. నాకు మాత్రం మెడ తిప్పి చూసిన ఆ చూపే ముందు గుర్తొస్తుంది.

పొందూరు నుంచి లోపలికొచ్చే రోడ్డు మీద మా ఊరు. నాగావళి కాలువకి చివరి ఊళ్ళలో ఒకటి. పైనున్నవాళ్ళందరూ తడుపుకున్నాక మిగిలిన నీళ్ళు మాకు. అందుకని నీళ్ళు వచ్చిన నాలుగు రోజుల్లోనే ఊరంతా మళ్ళు బురదగా కలిపి దమ్ము పట్టాలి. ఎవరి చేతిలో ట్రాక్టరు ఉంటే వాళ్ళ నాట్లు ముందు పడతాయి. తిరుమలరావు తండ్రి నూకయ్య ఇది గ్రహించి, ఊళ్ళో అందరికంటే ముందు పెద్ద ట్రాక్టరు కొన్నాడు. దానికి తగ్గ సామానంతా కొన్నాడు. తొమ్మిది కొర్రుల నాగలి, డిస్కుల నాగలి, మడి చదును చేసే బ్లేడు, చివరికి దమ్ముకి, గిర్రున తిరిగే కత్తులతో బురద కలిపే రోటవేటరు. పెద్దకొడుకు జగన్నాధం బయట పనులు చూసేవాడు. కాగితాలు అతని పేరునే ఉండేవి. చిన్నకొడుకు తిరుమలరావు నడిపేవాడు. ఆ ఇంట్లో ఎవరి పని ఏదో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకుండా సాగిపోయేది.

నూకయ్య పోయిన మరుసటేడు కాలువ బాగా ఆలస్యమైంది. నీళ్ళు వదిలారని తెలిసిన రోజే జగన్నాధం బండిని వాళ్ళ అత్తవారి ఊరు పంపించాడు. బావమరుదులు ముందే అడిగారట, మాటిచ్చాడట. బండితో వెళ్ళింది తిరుమలరావే. వాళ్ళ పొలాలన్నీ దమ్ము చేసి తిరిగి వచ్చేసరికి ఇక్కడ మా కాలువలో నీళ్ళు సన్నబడ్డాయి. సొంత మళ్ళు బీటలు వారుతున్నాయి. నారు ముదిరి గడ్డిలా నిలబడింది.

ఆ రోజు వాకిట్లో అన్నదమ్ములకి మాటలయ్యాయి. గోడవతల నేను విన్నాను.

"మన నారు ఎండబెట్టి మీ అత్తోరి మళ్ళు తడిపిచ్చినావు," అన్నాడు తిరుమలరావు.

"మాటిచ్చినానురా. ఏటి సెయ్యమంటావు?"

"నన్నొక మాట అడగాల. బండి తోలేది నాను."

అప్పుడు జగన్నాధం అన్నాడు. కోపంలోనే అన్నాడు, కాని అన్నాడు. "తోలితే తోల్నావు. బండి ఎవుల పేరున ఉన్నాదో సూసుకో."

తిరుమలరావు బండి తాళం అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. తర్వాత ఆ తాళం అతను ముట్టుకోలేదు.

కోతలయ్యాక పంపకాలు పెట్టుకున్నారు. ఊరి పెద్ద నరసింగరావు కూర్చుని పంచాడు. భూమి చెరి సగం. ఇంటి నడుమ గోడ. చివరికి ట్రాక్టరు దగ్గర ఆగింది. ఎటూ తెగకపోతే నరసింగరావు ఒక ఉపాయం చెప్పాడు. బండి, దాని వెనక తగిలించే తొట్టి పెద్దవాడికి, నాగళ్ళూ రోటవేటరూ అన్నీ చిన్నవాడికి. అందరూ వెళ్ళిపోయాక నాతో గుంభనంగా నవ్వుతూ అన్నాడు: "బండి లేకపోతే నాగలి కదల్దు. నాగలి లేకపోతే బండికి పని నేదు. నాలుగు నెల్లు పోతే ఆళ్ళే కలిసిపోతారు, సూడు."

మంచి మనసుతోనే చేశాడాయన. కాని తొట్టి సంగతి మరిచిపోయాడు. జగన్నాధం ఒక డ్రైవర్ని పెట్టుకుని, తొట్టిలో గ్రావెల్, ఇసుక తోలించడం మొదలుపెట్టాడు. హైవే పనులు జరుగుతున్న రోజులవి. దాంతో బండికి నాగలి అవసరమే పడలేదు. అతని పొలం అద్దె ట్రాక్టరు దున్నేది. ఇటు తిరుమలరావు పొలమూ అద్దె ట్రాక్టరే దున్నేది. అతని సామాను మాత్రం పెరటి గోడ వారన వరసగా పడి ఉండేది. ఊళ్ళో అందరికంటే బాగా బండి నడిపే మనిషి ఇప్పుడు తువ్వాలు భుజాన వేసుకుని, గట్టు మీద నిలబడి, ఎవరో కుర్రడ్రైవరు తన మడిలో మూలలు వదిలేసి పోతుంటే చూస్తూ ఉండేవాడు. సాయంత్రాలు ఇంటి ముందు నుంచి వాళ్ళ నాన్న బండి గ్రావెల్ తొట్టితో వెళ్ళేది. ఆ చప్పుడు సందు మొదట్లో వినబడగానే అతను లేచి పెరట్లోకి పోయేవాడు.

భార్య నీలవేణి అతని మేనమామ కూతురు. పిల్లలు లేరు. గట్టిగా నవ్వే మనిషి. ఒకసారి ఆవిడ వేసిన గుమ్మడిపాదు నాగలి కొర్రుల మీదుగా పాకి రోటవేటరు మీద కాయలు కాసింది. "ఇన్నాల్టికి దీని వల్ల కూరొచ్చినాది," అని నవ్వింది. తిరుమలరావు నవ్వలేదు. మర్నాడు తీగ తప్పించి, తుప్పు గీకి, బేరింగులకి గ్రీజు పెట్టాడు. ఏడాదికి రెండుసార్లు అలా చేసేవాడు. పాత ఇనప సామాను కొనేవాడు ఒకడు సైకిలు ఆపి బేరం అడిగితే, కొట్టినంత పని చేసి తరిమాడు.

"ఇనుమని అంతాడా," అన్నాడు నాతో. "నా వాటా ఇది. మా నాన్న ఇచ్చినది."

కొన్నేళ్ళకి చిన్న ట్రాక్టర్లు వచ్చాయి. మా మళ్ళు చిన్నవి, దారులు ఇరుకు, అందుకని అందరూ వాటిని చూడటానికి విజయనగరం పోయేవారు. రోడ్డు పక్కనున్న మెరకలో ఒక ముక్క అమ్మి తిరుమలరావు ఒకటి తెచ్చాడు. తోడు నేనూ వెళ్ళాను. షోరూము అతను ఆ బండికి సరిపడే చిన్న నాగలి, చిన్న రోటవేటరు చూపించాడు. తిరుమలరావు వాటి వైపు చూడనైనా లేదు.

"సామాను నాకున్నాది," అన్నాడు.

"పెద్ద బండిదా అండి? దీనికి పట్టదండి. పిన్నులు లావు, వెడల్పు ఎక్కువ."

"అది నాను సూసుకుంతాను."

బండి మీద ఊళ్ళోకి వచ్చిన రోజు అతని ముఖం చూడాలి. తిన్నగా పెరట్లోకి తీసుకెళ్ళాడు. మెడ తిప్పి చూశాడు. తొమ్మిది కొర్రుల నాగలికి ఆనుకుని ఆపాడు. దిగి చూస్తే, షోరూము అతను చెప్పింది నిజమే. చిన్న బండి లింకుల చివర కన్నాలు చిన్నవి, నాగలి పిన్నులు వాటిలో దూరవు. పైగా నాగలి పిన్నుల మధ్య దూరం ఎక్కువ, బండి లింకులు అంత వెడల్పుకి చాచుకోవు. అతను అలా గొంతుక్కూర్చుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. నీలవేణి వచ్చి, "అన్నం తిను బావా," అని భుజం మీద చెయ్యి వేసేదాకా లేవలేదు.

పొందూరులో గంగులుకి లేతు, వెల్డింగు షెడ్డు ఉంది. నూకయ్య కాలం నుంచి ఆ ఇంటి పనులు చేసినవాడు. నాగలి చూసి, పాత పిన్నులు కోసేసి, రెండు వైపులా లోపలికి జరిపి, సన్నటి పిన్నులు వెల్డింగు పెట్టాడు. పైన టాప్ లింకు తగిలే చోటా మార్చాడు. కొర్రుల్లో నాలుగు తీసేయించాడు. "తొమ్మిదీ లాగల్లేదు ఈ బండి. అయిదింటితో దున్నుకో. అయిదు సాలు," అన్నాడు.

అయిదు కొర్రులతో నాగలి అందంగా నడిచింది. మిగిలిన మెరకలో మొక్కజొన్నకి దున్నుతుంటే నీలవేణి చెంబుతో అంబలి తెచ్చి గట్టు మీద కూర్చుని చూసింది. చాలా ఏళ్ళ తర్వాత అతను పాట లాంటిదేదో గొణుక్కుంటూ నడపడం విన్నానని తర్వాత నాతో చెప్పింది.

ఆ రోజే రోడ్డు మీద గ్రావెల్ తొట్టి ఆగింది. జగన్నాధం దిగాడు. చెప్పులు గట్టు మీద విడిచి, దున్నిన చాళ్ళలోంచి నడుచుకుంటూ తమ్ముడి బండి దగ్గరకి వచ్చాడు. నేను పక్క చేలో ఉన్నాను.

"బాగానే దున్నుతన్నాదిరా," అన్నాడు.

తిరుమలరావు ఇంజను ఆపలేదు.

"నాగలంటే సరే. ఆ రోటవేటరు మాత్రం దీనికి తగిలించకు. బరువది. దమ్ముకి నా బండి అట్టుకెళ్ళు. డ్రైవరక్కర్నేదు. నువ్వే తోలుకో." కాస్త ఆగి, "నువ్వు తోలితేనే దానికి బాగుంతాది," అన్నాడు.

ఆ మాట అనడానికి జగన్నాధం ఎంత దూరం నడిచి వచ్చాడో నాకు తెలుసు. తిరుమలరావుకీ తెలిసే ఉంటుంది. స్టీరింగు మీద చెయ్యి అలాగే ఉంచి, అన్న ముఖంలోకి చూడకుండా అడిగాడు.

"ఎవుల పేరున ఉన్నాది ఆ బండి?"

జగన్నాధం నిలబడిపోయాడు. "అదింకా మనసులో ఎట్టుకున్నావేటిరా," అన్నాడు మెల్లగా.

తిరుమలరావు గేరు వేసి బండి కదిపాడు. జగన్నాధం వచ్చిన చాళ్ళలోంచే తిరిగి వెళ్ళి, చెప్పులు తొడుక్కుని బండెక్కాడు.

ఇంటికొచ్చాక నీలవేణి గొడవపడింది. వాళ్ళు గొంతులు పెంచుకోవడం నేను విన్నది ఆ ఒక్కసారే.

"పెద్దబావ తనంతట తాను సేలోకి దిగి వచ్చినాడు. ఒక్కసారి ఊ అంటే ఏటైపోద్ది?"

"నీకు తెల్దు."

"నాకన్నీ తెలుసు. ఒక్క మాటని ఎన్నాళ్ళు మోస్తావు బావా? ఆయనా మోస్తన్నాడు. ఆయన దించుకుందామని వస్తే నువ్వు మళ్ళీ ఎత్తినావు."

అతను పెరట్లోకి వచ్చేశాడు. ఆ మాట ఈసారి ఎత్తింది తన నోరేనని ఆ క్షణంలో అతనికి తెలిసిందనుకుంటాను. తెలిసినా వెనక్కి తీసుకోలేకపోయాడు. కొందరికి ముందడుగు కష్టం, కొందరికి వెనకడుగు. బండిని అంత సులువుగా వెనక్కి నడిపే మనిషికి ఇది మాత్రం చేతకాలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి జగన్నాధం బండి వీధిలో కనబడటం మానేసింది. అడిగితే రిపేరుకి విజయనగరం పంపించానన్నాడు.

ఆ ఏడు వానలు లేవు. ఆషాఢం ఎండగా పోయింది. శ్రావణంలో పైన ఒడిశాలో వానలు పడి నాగావళి పొంగితే, కాలువకి ఒక్కసారిగా నీళ్ళొచ్చాయి. అప్పటికే నారు వయసు మీరుతోంది. ఊరంతా ఒకేసారి దమ్ముకి ఎగబడింది. అద్దె బళ్ళు దొరకలేదు. ముందు తిరుమలరావు అయిదు కొర్రుల నాగలితోనే మడి బురద చేద్దామని చూశాడు. గడ్డి తెగలేదు, గట్టి పెళ్ళలు అలాగే ఉండిపోయాయి. ఒక పూట తిప్పి, బండి ఆపి, ఇంటికొచ్చి, రోటవేటరు ముందు నిలబడ్డాడు.

గంగులు ఈసారి ఒప్పుకోలేదు.

"ఇది నాగలి కాదు తిరుమలూ. నాగలైతే కొర్రులు తీసేసినాను. దీన్లో ఏటి తీసెయ్యమంటావు? అంతా ఇనుమే."

"అంచుల్లో కత్తులు ఇప్పేస్తాను. ముందు బంపరుకి కంచె రాయి గొలుసేసి కడతాను. ముందు ఎత్తకుండా ఉంతాది."

"పిన్ను సన్నం సేస్తాను గానీ బరువు సన్నం సెయ్యలేను గదా."

"నువ్వు సెయ్యకపోతే ఇంకొకడు సేస్తాడు. ఆడు అడ్డదిడ్డంగా సేస్తాడు. అప్పుడేటి?"

గంగులు బీడీ కాల్చి పారేశాడు. చివరికి చేశాడు. బాగానే చేశాడు. రెండు వైపులా అదనపు పట్టీలు వేసి వెల్డింగు పెట్టాడు. "గట్టు ఎక్కీటప్పుడు ఎనక్కి ఎక్కు. ముందుకి ఎక్కితే ముందు సక్రాలు లెగుస్తాయి," అని చెప్పి పంపాడు. అది తిరుమలరావుకి చెప్పాల్సిన సంగతి కాదు. అయినా బుద్ధిగా తల ఊపాడు.

రెండు రోజులు పని జరిగింది. బండి గుక్కపట్టి ఏడ్చే పిల్లలా అరిచేది. పొగ నల్లగా వచ్చేది. మెల్లగా, అతి మెల్లగా, మడి తర్వాత మడి పూర్తయింది. గట్టు దాటాల్సిన ప్రతిసారీ బండిని తిప్పి వెనక్కి ఎక్కించి దాటించేవాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. చిన్న బండి వెనక అంత పెద్ద రోటవేటరు, ముందు గొలుసుతో కట్టిన రాయి. కొందరు నవ్వారు. కొందరు, "నీదయ్యాక నాదీ సెయ్యి," అని అడిగారు. రెండో రోజు సాయంత్రం ఇంటికొచ్చి తిరుమలరావు నన్ను గోడ మీంచి పిలిచి, "సూసినావా, పని సేసినాది," అన్నాడు. ముఖం నిండా బురద, దాంట్లోంచి పళ్ళు తెల్లగా కనిపించాయి.

మూడో రోజు మధ్యాహ్నానికి చివరి మడి మిగిలింది. కాలువలో నీళ్ళు తగ్గుతున్నాయి. అవతలి మడివాడు లక్ష్ముడు నీటి మళ్ళింపు కోసం పార పట్టుకుని గట్టు మీద ఎదురుచూస్తున్నాడు. నీలవేణి మూలల్లో పెళ్ళలు చదును చేస్తోంది. చివరి గట్టు కాస్త ఎత్తు. బండి తిప్పడానికి అక్కడ చోటు తక్కువ, తిప్పితే అప్పుడే పూర్తయిన మడి చెడుతుంది. తిరుమలరావు రోటవేటరు పైకెత్తి, ముందుకే ఎక్కించాడు.

ముందు చక్రాలు లేచాయి. అంతవరకూ ఎవరూ భయపడలేదు. అతను క్లచ్ నొక్కాడు, బండి దిగబోయింది. ఆ కుదుపుకి కుడివైపు పిన్ను వెల్డింగు దగ్గర విరిగింది. రోటవేటరు ఒక పక్కకి వాలి గట్టులో దిగబడింది. దాంతో బండి అదే వైపుకి ఒరిగి, నీళ్ళు నిండిన మడిలో పడిపోయింది. ఇంజను బురదలో బుడబుడమని ఆగిపోయింది.

లక్ష్ముడి కేక విని నేను పరిగెత్తాను. వెళ్ళేసరికి తిరుమలరావు మడ్‌గార్డు కింద ఉన్నాడు. నడుము కింద నుంచి ఏమీ కనబడటం లేదు. నీలవేణి బురదలో కూలబడి, అతని తల తన ఒళ్ళో పైకి పట్టుకుని ఉంది. నీళ్ళు అతని గెడ్డం దాకా ఉన్నాయి. ఆవిడ అరవడం లేదు. "ఊపిరి తియ్యి బావా, తియ్యి," అని మాత్రం అంటోంది, పిల్లవాడికి అన్నం తినిపించేటప్పుడు అన్నట్టు.

పది మందిమి పోగయ్యాం. మడికి గండి కొట్టి నీళ్ళు తీశాం. వెదురు గడలు పెట్టి ఎత్తాం. గడలు బురదలో దిగిపోయాయి. ఎంత ఎత్తినా రోటవేటరు గట్టులో పాతుకుని బండిని కదలనివ్వలేదు. "పెద్ద బండి కావాల, పెద్ద బండితో లాగాల," అని ఎవరో అరిచారు. గోవింద్ అనే కుర్రాడు మోటారుసైకిలు మీద బయలుదేరాడు. కాని ఆ రోజు చుట్టుపక్కల ఊళ్ళలో ప్రతి పెద్ద బండీ ఏదో ఒక మడి మధ్యలో ఉంది.

జగన్నాధం అప్పుడొచ్చాడు. తుండు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చాడు. ఆగకుండా బురదలోకి దిగి, బండి కింద భుజం పెట్టి, పళ్ళు బిగించి ఎత్తబోయాడు. ఆ వయసు మనిషి ఎత్తగలిగింది కాదది. మేమంతా కూడా పట్టాం. కదల్లేదు.

తిరుమలరావు కళ్ళు తెరిచి చూశాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత పిలిచాడు.

"అన్నియ్యా."

"ఒరే. ఉన్నాను రా. ఉన్నాను."

"బండి తే అన్నియ్యా. నాన్న బండి తే. అదైతే ఒక్క లాగుకి వస్తాది."

జగన్నాధం భుజం తీయలేదు. తల మాత్రం బండి రేకుకి ఆనించాడు.

"నేదురా," అన్నాడు. "అమ్మీసినాను."

మేమెవరం ఎరగం ఆ సంగతి. రిపేరన్న మాట అబద్ధం. తండ్రి కొన్న బండి అమ్మాడని ఊళ్ళో అనుకుంటారని దాచాడు.

"నువ్వు వద్దన్నాక దాన్ని సూడబుద్ధి కానేదురా తిరుమలూ."

తిరుమలరావు అన్న వైపే చూస్తూ ఉన్నాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. నీలవేణి చెంపల మీద తట్టి తట్టి మళ్ళీ తెరిపించింది.

పక్క ఊరి నుంచి ఒక బండి వచ్చేసరికి పొద్దు వాలింది. అది ఒక్క లాగుకే తీసింది.

శ్రీకాకుళం తీసుకెళ్ళారు, అక్కణ్ణించి విశాఖపట్నం. కుడికాలు తొడ దగ్గర తీసేశారు. రెండోది ఉంది గాని బలం రాలేదు. ఇంటికి తెచ్చాక మంచం మీంచి కుర్చీకి, కుర్చీలోంచి మంచానికి నీలవేణే ఎత్తుకుని మార్చేది. వేసిన నాట్లు బాగానే పండాయి ఆ ఏడు. కోత ఎవరు కోశారో, ధాన్యం ఎటు పోయిందో అతను అడగలేదు.

గంగులు ఒకసారి వచ్చాడు. గుమ్మం దగ్గరే కూర్చుని, లోపలికి రాకుండా, తల కొట్టుకుని ఏడ్చాడు. తిరుమలరావు మంచం మీంచే అన్నాడు. "ఏడవకు గంగులూ. నువ్వు సెప్పినావు. నాను ఇన్నేదు." ఓదార్పుగా అనలేదు, కోపంగానూ అనలేదు. రేడియోలో వాతావరణ విశేషాలు చెప్పినట్టు చెప్పాడు. గంగులుకి తిట్టినా బాగుండేది.

చిన్న బండి ఎవరో కొనుక్కుపోయారు. పెరట్లో మిగిలిన సామానుకి తిరుమలరావే కబురు పెట్టించాడు, వెనకటి ఇనప సామాను మనిషికి. అతను గ్యాసు సిలిండరు తెచ్చి రోటవేటరును అక్కడే ముక్కలుగా కోశాడు. నీలవేణి తలుపు వేయబోతే తిరుమలరావు వద్దన్నాడు. కుర్చీ గుమ్మానికి దగ్గరగా జరిపించుకుని చివరిదాకా చూశాడు. డిస్కులు, కొర్రులు, బ్లేడు, ఒక్కొక్కటే బండిలోకి వేస్తుంటే అతని ముఖంలో ఏమీ కదల్లేదు. ఆ తర్వాత మాట్లాడటం బాగా తగ్గించేశాడు. కృత్రిమ కాలు పెట్టిస్తారని, ఖర్చు లేదని, ఒకసారి తీసుకెళ్దామని జగన్నాధమూ నేనూ ఎన్నోసార్లు అడిగాం. "నడిసి ఎక్కడికెల్లాల?" అనేవాడు.

పొలం చూసే మనిషి లేక నీలవేణి జామాయిలు మొక్కలు పెట్టించేసింది. పల్లపు మళ్ళలో జామాయిలు వేస్తారా అని ఊళ్ళో అన్నారు. వాటికైతే దున్నక్కర్లేదు, నీటికి కొట్టుకోనక్కర్లేదు. తను పైడిభీమవరం వైపు ఒక కంపెనీలో పనికి కుదిరింది. తెల్లారకుండా బస్సు వస్తుంది, పొద్దుపోయాక దింపుతుంది. వెళ్ళే ముందు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, అందేట్టు నీళ్ళూ అన్నమూ పెట్టి వెళ్తుంది. గట్టిగా నవ్వే మనిషని చెప్పాను కదా. ఇప్పుడు బస్సులో కూర్చోగానే నిద్రపోతుందట. పక్క సీటువాళ్ళు చెప్పారు.

జగన్నాధం రోజూ సాయంత్రం వస్తాడు. పంపకాల్లో కట్టిన గోడ చుట్టూ తిరిగి, వీధిలోంచి వచ్చి, అరుగు మీద కూర్చుంటాడు. తమ్ముడికి చుట్ట వెలిగించి ఇస్తాడు. ఆ వేళకి నేనూ చాలాసార్లు అక్కడే ఉంటాను. ఇద్దరూ మాట్లాడుకోరు. మాట్లాడుకోవడానికి ఇప్పుడు అడ్డమేమీ లేదు. అయినా మాటలు రావు. ఏది మొదలుపెట్టినా అది ఆ మడి దగ్గరకే పోతుందని ఇద్దరికీ భయం అనుకుంటాను. ఒకరోజు జగన్నాధం నన్ను వీధి చివరిదాకా రమ్మని, చీకట్లో ఆగి, "ఆ బండి మరొక్క నెల్లాళ్ళు ఉంచుంటే," అన్నాడు. వాక్యం పూర్తి చేయలేదు. నేను భుజం మీద చెయ్యి వేశాను. ఆయన నా చెయ్యి తీసేసి వెళ్ళిపోయాడు.

మొన్న శ్రావణంలో ఒక సాయంత్రం తూర్పున బాగా మబ్బు పట్టింది. గాలికి అవతల జామాయిలు తోటలో ఆకులు గలగలమంటున్నాయి. జగన్నాధం ఆకాశం వైపు చూసి, ఏదో ఒకటి అనాలన్నట్టు అన్నాడు.

"వానొస్తాదిరా రాత్రికి."

తిరుమలరావు చుట్ట నుసి రాల్చాడు.

"రానీ," అన్నాడు. "మనకేటి పని దాంతో."

జగన్నాధం చినుకులు మొదలయ్యాక లేచి, తమ్ముడి కుర్చీని గుమ్మం లోపలికి లాగి, తలుపు దగ్గరగా వేసి, తుండు తల మీద కప్పుకుని వీధిలోకి దిగాడు. నీలవేణి బస్సు ఇంకా రాలేదు.